కౌంటీ మీటింగులో మన మూడు నిమిషాలు

ఉత్తర డల్లాస్ శివార్లలో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, మొదటి రెండు వరుసలూ ఖాళీగానే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుని వచ్చారు, అందుకు ముందు మీకు కృతజ్ఞతలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ కృతజ్ఞతలు. ఎందుకంటే నేను చెప్పేదాంట్లో సగం వాళ్ళ గురించే.

నన్ను కౌంటీ ప్రభుత్వం గురించి, అంటే మన జిల్లా లాంటిదాని గురించి, దాని పబ్లిక్ మీటింగుల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు ఒక పళ్ళెం గురించి చెప్పాలి. తులసి కుండీ కింద పెట్టే ప్లాస్టిక్ పళ్ళెం. ఇక్కడ ఎంతమంది ఇళ్ళల్లో తులసి ఉంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. కరివేపాకు కుండీ? అదీ అంతే. చలికాలం ఇంట్లోకి, ఎండాకాలం పెరట్లోకి మోస్తుంటాం. కింద కార్పెట్ తడవకుండా పళ్ళెం పెడతాం. పెరట్లోకి తీసుకెళ్ళినప్పుడు పళ్ళెం కూడా కుండీతోపాటే వెళ్తుంది.

రెండేళ్ళ కిందట మా అమ్మ జూన్‌లో వచ్చింది. రోజూ పొద్దున్నే తులసికి నీళ్ళు పోసేది. ఆగస్టులో ఒకరోజు నేను ఆఫీసు కాల్‌లో ఉంటే, "ఒరే, ఒకసారి ఇలా రా" అని పిలిచింది. వెళ్ళి చూస్తే కుండీ కింద పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళున్నాయి. పైన సన్నటి నల్లటి దారప్పోగుల్లాంటివి తలకిందులుగా వేలాడుతున్నాయి. నేను వంగేసరికి, నా నీడ పడగానే, అన్నీ ఒక్కసారి మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. కాసేపటికి ఒక్కొక్కటే మళ్ళీ పైకొచ్చి తోక నీటి అంచుకి ఆనించుకుని వేలాడాయి. ఊపిరి తీసుకునేది ఆ తోక దగ్గరున్న గొట్టంతోనే. మా అమ్మ చెప్పింది, "ఇవి దోమపిల్లలురా. మన పెరట్లో కుడితితొట్టిలో ఉండేవి ఇవే" అని.

ఇవే అంది. అమ్మ మాట అక్షరాలా నిజం. మాది కోనసీమ. మా చిన్నప్పుడు మా ఊళ్ళో బోదకాలు ఉన్నవాళ్ళు వీధికి ఒకరైనా ఉండేవారు. ఇక్కడ గోదావరి జిల్లాలవాళ్ళు, శ్రీకాకుళంవాళ్ళు ఉంటే మీకూ గుర్తుండి ఉంటుంది. హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు రాత్రి తొమ్మిది దాటాక లాంతరు పట్టుకుని వచ్చేవారు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి, వేలు గుచ్చి, రక్తపు చుక్క గాజుపలక మీద పూసుకుని వెళ్ళేవారు. రాత్రిపూటే ఎందుకు రావాలి? బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో పైకి వస్తాయి. దోమ కుట్టే వేళకి అవి సిద్ధంగా ఉంటాయన్నమాట. ఆ బోదకాలు దోమ పేరు క్యూలెక్స్ క్విన్క్విఫేసియేటస్. ఇంత పొడుగు పేరు ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ టెక్సస్‌లో వెస్ట్ నైల్ వైరస్ మోసుకొచ్చే ముఖ్యమైన దోమ కూడా సరిగ్గా అదే. జాతి కూడా వేరు కాదు. అక్కడ మన కాళ్ళు వాచేలా చేసింది, ఇక్కడ మెదడువాపు తెస్తోంది. సముద్రాలు దాటి వచ్చి, మనం మళ్ళీ అదే దోమకి పళ్ళెంలో నీళ్ళు పెడుతున్నాం.

దోమ వల్ల మలేరియా వస్తుందన్న సంగతి ప్రపంచానికి తెలిసింది మన సికింద్రాబాద్‌లోనేనని మీలో చాలామందికి తెలుసు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపు కోసి చూసి అందులో మలేరియా క్రిమి ఉందని కనిపెట్టాడు. అది వేరే దోమ, వేరే జబ్బు. కానీ ఆ ఊరివాళ్ళం, ఆ పక్క ఊళ్ళవాళ్ళం దోమ సంగతి తేలిగ్గా తీసుకోవచ్చా? చెప్పండి.

సరే, వెస్ట్ నైల్ గురించి నాలుగు మాటలు. అమెరికాలోకి ఇది 1999లో న్యూయార్క్‌లో వచ్చింది. పక్షుల్లో ఉంటుంది. పక్షిని కుట్టిన దోమ మనిషిని కుడితే మనకి వస్తుంది. మనిషి నుంచి మనిషికి మామూలుగా అంటదు. సోకినవాళ్ళలో నూటికి ఎనభై మందికి ఏమీ తెలియదు. ఐదుగురిలో ఒకరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. దాదాపు 150 మందిలో ఒకరికి మెదడుకో వెన్నుపాముకో పాకుతుంది. ఆ ఒక్కరు ఎవరవుతారు? ఎవరైనా కావచ్చు, కానీ అరవై దాటినవాళ్ళకి ప్రమాదం చాలా ఎక్కువ. మనుషులకి దీనికి టీకా లేదు. ప్రత్యేకమైన మందూ లేదు. కుట్టకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఈ దోమ ఎప్పుడు కుడుతుంది? పొద్దుగూకే వేళ మొదలుపెట్టి తెల్లవారే దాకా. ఇప్పుడు మన పెద్దవాళ్ళు వాకింగ్‌కి ఎప్పుడు వెళ్తారు? జూలైలో ఇక్కడ ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది కాబట్టి పగలు బయటికి అడుగుపెట్టలేరు. ఎనిమిదింటికి ఎండ తగ్గాక, మన ఇళ్ళ కాలనీ చెరువు చుట్టూ, పంచెలో, చీరలో, నలుగురైదుగురు కలిసి నడుస్తారు. బెంచీ మీద కూర్చుని గంటసేపు మాట్లాడుకుంటారు. వాళ్ళకి ఈ దేశంలో ఉన్న ఒక్క కాలక్షేపం అది. దాన్ని మానేయమని నేను చచ్చినా చెప్పను. కానీ పొడుగు చేతుల చొక్కా వేసుకోమనండి, కాళ్ళకి సాక్సులు తొడగండి, దోమల్ని దగ్గరికి రానీయని డీట్ ఉన్న స్ప్రే చేతులకీ మెడకీ పాదాలకీ మీరే రాసి పంపండి. "ఆ కంపు నాకు పడదురా" అంటారు. మా అమ్మా అంది. పికారిడిన్ అని వాసన తక్కువగా ఉండేది ఇంకోటి ఉంది, అది కొనండి. పెద్దవాళ్ళకి తీవ్రంగా తలనొప్పి, మెడ పట్టేయడం, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే "జెట్‌లాగ్‌లే", "ఎండదెబ్బలే" అనుకుని కూర్చోకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విజిటర్ ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో, ఎంత చేతినుంచి పడుతుందో అన్న లెక్క ఆ రాత్రి వేసుకోవద్దు. దయచేసి.

ఇక కౌంటీ దగ్గరికి వస్తాను.

2012 వేసవిలో ఇక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆ ఏడాది దేశం మొత్తంలో వెస్ట్ నైల్ ఎక్కువగా కనిపించింది టెక్సస్‌లో, అందులోనూ డల్లాస్ కౌంటీలో. ఆ ఒక్క కౌంటీలోనే దాదాపు 400 మందికి జబ్బు చేసింది, 19 మంది చనిపోయారు. అంతకు ముందు చలికాలం చలి సరిగ్గా పడలేదు, దోమలు చావలేదు. ఆగస్టు వచ్చేసరికి పరిస్థితి చేయిదాటింది. ఆగస్టు 16 రాత్రి విమానాలు డల్లాస్ ఆకాశంలోకి లేచి దోమల మందు చల్లాయి. అంతకు ముందు ఆ ఊరి మీద అలా చల్లింది 1966లో.

ఇప్పుడు ఆలోచించండి. మన ఇంటి మీద, మన పిల్లలు ఆడుకునే గడ్డి మీద, రాత్రిపూట విమానంలోంచి మందు చల్లాలా వద్దా? ఇది చిన్న నిర్ణయమా? ఎకరానికి ఒక ఔన్సు లోపే మందు పడుతుంది, భయం లేదని ఆరోగ్య శాఖవాళ్ళు చెప్పారు. తేనెటీగలు చస్తాయి, పిల్లలకి ఆస్తమా ఉంది, వద్దని కొందరు వాదించారు. రెండువైపులా న్యాయమైన మాటలే ఉన్నాయి. ఆ నిర్ణయం తీసుకున్నది వాషింగ్టన్‌లో కాదు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోనూ కాదు. కౌంటీ జడ్జి, మేయర్లు, సిటీ కౌన్సిళ్ళు కలిసి తీసుకున్నారు. ఏ ఊరు చేరాలో, ఏ ఊరు వద్దనుకోవాలో ఊరూరా తేల్చుకున్నారు. ఆ మాటలు జరుగుతున్న గదుల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

కౌంటీ జడ్జి అంటే నల్లకోటు వేసుకుని తీర్పులు చెప్పే ఆయన అనుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. ప్రతిదానికీ ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఉంటారు. ఐదుగురూ కలిసి కూర్చుంటే దాన్ని కమిషనర్స్ కోర్ట్ అంటారు. పేరు కోర్టే గానీ పని మన జిల్లా పరిషత్తుకి దగ్గర. బడ్జెట్, పన్ను రేటు, రోడ్లు, జైలు, ఎన్నికల ఏర్పాట్లు, ప్రజారోగ్యం అన్నీ వాళ్ళ చేతిలోనే ఉంటాయి. జడ్జిని కౌంటీ మొత్తం ఓటేసి ఎన్నుకుంటుంది. కౌంటీని ప్రిసింక్ట్‌లని నాలుగు భాగాలు చేస్తారు, ఒక్కో కమిషనర్‌ని వాళ్ళ ప్రిసింక్ట్ వాళ్ళు ఎన్నుకుంటారు. విపత్తు వస్తే కౌంటీలో ఎమర్జెన్సీ బాధ్యత అంతా జడ్జి మీదే పడుతుంది.

2014లో ఎబోలా వచ్చినప్పటి సంగతి గుర్తుందా? అమెరికాలో తొలిసారి ఆ జబ్బు నిర్ధారణ అయింది డల్లాస్‌లోనే. లైబీరియా నుంచి వచ్చిన ఒకాయనకి. ఆయన ఉన్న అపార్ట్‌మెంట్‌లో కుటుంబాన్ని బయటికి రావద్దని కట్టడి చేశారు. వాళ్ళని వేరే ఇంటికి మార్చాలంటే ముందుకొచ్చేవాళ్ళు లేరు. అప్పుడు కౌంటీ జడ్జి క్లే జెంకిన్స్ మామూలు బట్టల్లో, ఆ తెల్లటి రక్షణ సూట్ లేకుండా, ఆ ఇంట్లోకి వెళ్ళి వాళ్ళని తన కారులో కూర్చోబెట్టుకుని స్వయంగా తీసుకెళ్ళారు. జబ్బు లక్షణాలు లేనివాళ్ళ నుంచి ఎబోలా అంటదని డాక్టర్లు చెబుతున్న మాటని ఆయన మాటల్లో కాక చేతల్లో చూపించారు. పార్టీల సంగతి పక్కన పెట్టండి. కౌంటీ అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. మన గుమ్మందాకా వచ్చే ప్రభుత్వం అది.

మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూడండి. స్కూల్ డిస్ట్రిక్ట్ వాటా పెద్దది, సిటీ వాటా ఉంటుంది, కౌంటీకి కూడా ఒక లైన్ ఉంటుంది. అక్టోబర్ ఒకటిన కొత్త బడ్జెట్ ఏడాది మొదలవుతుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్‌లలో పన్ను రేటు, బడ్జెట్ మీద ఓటింగ్ జరుగుతుంది. టీకాల క్లినిక్‌కి ఎంత, టీబీ క్లినిక్‌కి ఎంత అని తేలేది అప్పుడే. మనం మాత్రం పన్ను కోసం మన ఇంటికి కట్టిన అప్రైజల్ విలువ పెరిగిందని మే నెలలో ప్రొటెస్ట్ వేసి ఊరుకుంటాం. ఆ డబ్బు ఎటు పోవాలో అడిగే రోజున మనం ఆ గదిలో ఉండం.

ఇంకో చిక్కు. మీరు ఏ కౌంటీలో ఉన్నారో మీకు తెలుసా? నవ్వకండి, నిజంగా అడుగుతున్నాను. ఫ్రిస్కోలో సగం ఊరు కాలిన్ కౌంటీలో, మిగతాది డెంటన్ కౌంటీలో ఉంది. రోడ్డుకి ఇవతల ఒకటి, అవతల ఇంకొకటి. టీకా కోసం ఎక్కడికి వెళ్ళాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది దాన్నిబట్టే ఉంటుంది. ఇవాళ ఇంటికెళ్ళగానే చూసుకోండి. కాలిన్ కౌంటీ జనాభా 2020 లెక్కల్లోనే పది లక్షలు దాటింది. అందులో మనం తక్కువమందిమేం కాదు.

నేను మొదటిసారి పబ్లిక్ మీటింగుకి ఎందుకు వెళ్ళానో చెబుతాను. పళ్ళెం కడిగేశాం, బోర్లించేశాం. అయినా దోమలు తగ్గలేదు. చూస్తే మా వీధి వెనక వాననీటి కాలువ ఉంది. దాని కల్వర్టు కింద విరిగిన కొమ్మలు, పాల డబ్బాలు, ఒక పిల్లల సైకిల్ చక్రం అడ్డుపడి, అవతల నీళ్ళు నిలిచి నాచు పట్టింది. హెచ్‌ఓఏకి, అంటే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి, ఈమెయిల్ పెడితే అది మాది కాదన్నారు. ఇంకొకరికి ఫోన్ చేస్తే మా మ్యాపులో లేదన్నారు. మూడోచోట అడిగితే మొదటిచోటికి పంపారు. ఎవరి పేరూ ఇక్కడ చెప్పను, వాళ్ళ మీద కోపం కూడా లేదు. ఆరు వారాలు గడిచాయి. మా అమ్మ రోజూ సాయంత్రం ఆ కాలువ పక్కనుంచే నడిచేది.

ఒక పొద్దున సెలవు పెట్టి మీటింగుకి వెళ్ళాను. తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం ఉంటుంది. పేరు, ఏ అంశం మీద మాట్లాడతారు, ఇంతే. నింపి ఇచ్చాను. మీటింగు మొదలైంది. జెండా వందనం, ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. మైకు దగ్గర మూడు చిన్న దీపాలుంటాయి. ఆకుపచ్చ వెలిగితే మాట్లాడాలి, పసుపు వస్తే ముగించాలి, ఎరుపు వస్తే ఆపాలి. మూడు నిమిషాలు. నేను రాసుకున్న కాగితం చేతిలో వణికింది. కల్వర్టు ఫోటో చూపించాను, మా అమ్మ వయసు చెప్పాను, ఆ వారం మా చుట్టుపక్కల పెట్టిన ట్రాపులో పడ్డ దోమలకి వైరస్ పాజిటివ్ వచ్చిందన్న నోటీసు తేదీ చదివాను. ఎర్రదీపం వెలిగింది. "థాంక్యూ" అన్నారు, తర్వాతి పేరు పిలిచారు.

అంతే. ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఒక్క సమాధానం చెప్పలేదు. మనసు చివుక్కుమంది. ఇంతదూరం వచ్చి, సెలవు పెట్టి వస్తే గోడకి చెప్పినట్టుంది అనుకున్నాను. అసలు విషయం తర్వాత తెలిసింది. ఎజెండాలో లేని అంశం మీద వాళ్ళు అక్కడ చర్చించకూడదు. టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం ఒప్పుకోదు. ఎవరైనా అడిగితే ఉన్న వాస్తవం చెప్పవచ్చు, ఉన్న రూలు చదవవచ్చు, తర్వాతి మీటింగు ఎజెండాలో పెడదామనవచ్చు. అంతకుమించి మాట్లాడితే తప్పు. ఎందుకంటే ముందుగా నోటీసు ఇవ్వకుండా జనం డబ్బు గురించి, జనం ఆరోగ్యం గురించి నిర్ణయాలు చేయకూడదు. అది మనల్ని కాపాడటానికి పెట్టిన రూలే. నన్ను పట్టించుకోలేదని నేను బాధపడ్డాను గానీ, వాళ్ళు చట్టం ప్రకారం మౌనంగా ఉన్నారు.

బయటికి వస్తుంటే వరండాలో ఒకావిడ వెనకే వచ్చింది. ఆఫీసు స్టాఫ్. "ఆ కల్వర్టు సరిగ్గా ఎక్కడుంది, ఫోన్‌లో చూపించగలరా?" అని అడిగింది. మ్యాపులో చుక్క పెట్టి పంపాను. మూడు వారాలకి ఒక ట్రక్కు వచ్చింది. కొమ్మలు తీశారు. ఆ నీళ్ళలో తెల్లటి బిళ్ళలు వేశారు. చూడ్డానికి అచ్చం గారెలే, మధ్యలో చిల్లు కూడా ఉంటుంది. అందులో ఉండేది ఒక రకం బ్యాక్టీరియా, బీటీఐ అంటారు. దోమపిల్లలు తింటే చస్తాయి. చేపలకీ, కుక్కలకీ, పిల్లలకీ హాని లేదు. ఒక్కో బిళ్ళ దాదాపు నెల్లాళ్ళు పనిచేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో మనమే కొనుక్కోవచ్చు. బోర్లించలేనివి, ఖాళీ చేయలేనివి మన పెరట్లో ఏమైనా ఉంటే అందులో ఒకటి వేయండి.

ట్రాపు అన్నాను కదా, అది ఏమిటో చెప్పనా? ఒక తొట్టిలో కుళ్ళిన గడ్డి నానబెట్టిన నీళ్ళు పోస్తారు. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆడదోమకి ఆ కంపంటే ప్రాణం. వాలబోతుంటే చిన్న ఫ్యాను దాన్ని లాగి సంచిలో పడేస్తుంది. పొద్దున్నే సంచి తీసుకెళ్ళి దోమల్ని పరీక్షకి పంపుతారు. పాజిటివ్ వస్తే ఆ చుట్టుపక్కల వీధుల్లో రాత్రి పొద్దుపోయాక ట్రక్కుతో మందు కొడతారు. ఏ వీధులో ముందే సిటీవాళ్ళు ప్రకటిస్తారు. ఆ రాత్రి కిటికీలు వేసుకోండి, బయట ఆరేసిన బట్టలు, పిల్లల బొమ్మలు లోపల పెట్టుకోండి, పెరట్లో కోసిన బెండకాయలు, గోంగూర కడుక్కుని వండుకోండి. సరిపోతుంది. ఆ ప్రకటన ఎవరైనా చదువుతున్నారా? ఈమెయిల్‌కి, ఫోన్‌కి అలర్టులు పెట్టుకోవచ్చు. మా ఊళ్ళో అయితే చెరువుగట్టున టముకు వేసి చెప్పేవారు, వద్దన్నా చెవిన పడేది. ఇక్కడ టముకు మన ఫోన్‌లోకి రావాలంటే మనమే వెళ్ళి పేరు రాయించుకోవాలి.

చట్టం గురించి ఇంకో మూడు సంగతులు. ఇవి మీరు తప్పక గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి. మీటింగు ఎప్పుడు, అందులో ఏమేం అంశాలు అన్నది ముందే బయటపెట్టాలి. చాలా ఏళ్ళు 72 గంటల ముందు అని ఉండేది. 2025 సెప్టెంబర్ నుంచి మూడు పనిదినాల ముందు అని మార్చారు. అంటే శనివారం, ఆదివారం ఆ లెక్కలోకి రావు. మనకి చదువుకోవడానికి వ్యవధి పెరిగింది.

రెండు. ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడే హక్కు ప్రజల్లో ప్రతి ఒక్కరికీ ఉంది. 2019లో చేసిన సవరణ ఇది. పౌరులు మాత్రమే అని అందులో లేదు, ఓటర్లు మాత్రమే అని లేదు. "అన్నా, మాది హెచ్‌వన్ వీసా కదా, మనం వెళ్ళి మాట్లాడితే ఏమైనా అవుతుందేమో" అని నన్ను చాలామంది అడిగారు. ఆ భయం నాకు తెలుసు. ఆ టెన్షన్‌తో నేనూ పదేళ్ళు బతికాను. కానీ మర్యాదగా, మన వంతు వచ్చినప్పుడు, మన వీధి దోమల గురించి మాట్లాడటానికి ఈ రాష్ట్ర చట్టం మనకి చోటిచ్చింది. విమర్శించినా ఆపకూడదని కూడా అందులోనే రాసి ఉంది.

మూడోది నాకు అన్నింటికంటే ఇష్టమైనది. ఇంగ్లీషు రానివాళ్ళు అనువాదం చేసేవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి మాట్లాడితే వాళ్ళకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. అందరికీ మూడు నిమిషాలైతే వాళ్ళకి ఆరు. అమ్మా, ఆ రెండో వరుసలో కూర్చున్న పెద్దమ్మా, మీకే చెబుతున్నాను. మీరు తెలుగులో మాట్లాడవచ్చు. మీ అమ్మాయి పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతుంది. ఆ చెరువు గట్టున రోజూ నడిచేది మీరు. నీళ్ళు ఎక్కడ నిలిచాయో మాకంటే మీకే బాగా తెలుసు.

దోమల సంగతి అయిపోయింది. తట్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వేసవి సెలవులకి టికెట్లు కొనేసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

నిరుడు, 2025 జనవరి చివర్లో, పశ్చిమ టెక్సస్‌లో గెయిన్స్ కౌంటీలో తట్టు మొదలైంది. ఆగస్టు 18న ముగిసిందని ప్రకటించేలోపు రాష్ట్రంలో 762 మందికి సోకింది. టీకా వేయించుకోని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. మన చిన్నప్పుడు ఊళ్ళో తట్టు పోస్తే వేపమండలు గుమ్మానికి కట్టి, పిల్లని చీకటి గదిలో పడుకోబెట్టి, తొమ్మిదో రోజు తలంటి ఊపిరి పీల్చుకునేవాళ్ళం. పీల్చుకోలేని ఇళ్ళూ ఉండేవి. ఆ జబ్బు ఎంత అంటుకుంటుందంటే, రోగి ఉన్న గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు వేస్తే నూటికి 97 మందికి తట్టు నుంచి రక్షణ.

మన పిల్లల విషయంలో చూసుకోవలసింది రెండే. ఏడాది నిండని పసిపిల్లతో ఇండియా వెళ్తుంటే, ఆరు నెలలు నిండాక ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక ముందస్తు డోసు వేయించాలి. మామూలుగా ఏడాదికి వేసేది కదా అని ఆగకండి. ఈ ముందస్తుది ఆ రెండు డోసుల లెక్కలోకి రాదు, అవి మళ్ళీ వేయించాలి. ఇక అక్కడ పుట్టి ఇక్కడికి వచ్చిన పిల్లల కార్డు మీద చాలాసార్లు ఎంఆర్ అని ఉంటుంది, అందులో గవదబిళ్ళల టీకా కలవదు. ఇక్కడ బడివాళ్ళు ఎంఎంఆర్ అడుగుతారు. ఆగస్టులో బడి తెరిచే ముందు రోజు పరుగెత్తకుండా ఇప్పుడే చూపించుకోండి. ఇన్సూరెన్స్ లేని పిల్లలకి తక్కువ ఖర్చుతో టీకాలు వేసే కార్యక్రమం ఉంది. కౌంటీ ఆరోగ్య శాఖకి ఫోన్ చేసి అడగండి.

టీబీ గురించి ఒక్క మాట. మనలో చాలామందికి పుట్టగానే టీబీకి బీసీజీ టీకా వేశారు. ఆ మచ్చ ఉన్నవాళ్ళకి చర్మం మీద చేసే పరీక్ష ఉబ్బి పాజిటివ్‌లా కనిపించవచ్చు. రక్తపరీక్ష చేయమని అడగండి, దానికి బీసీజీతో సంబంధం లేదు. అది కూడా పాజిటివ్ వచ్చి, లోపల నిద్రపోతున్న టీబీ ఉందని తేలితే, దాచుకోవలసిన పని లేదు. అది ఎవరికీ అంటదు. మందులు వాడితే ముందుముందు లేవకుండా ఉంటుంది. కౌంటీ క్లినిక్ నుంచి ఉత్తరం వస్తే చించి పారేయకండి. సంబంధాలు తప్పిపోతాయని, పదిమందికీ తెలుస్తుందని దాచిపెట్టిన కుటుంబాన్ని నేను చూశాను. ఆ ఇంట్లో మనవరాలికి రెండేళ్ళు.

వాట్సాప్ గ్రూపుల సంగతి మీరు అడగకముందే చెబుతాను. నిరుడు మన గ్రూపులోనే ఒకరు "రేపు రాత్రి విమానాలతో మందు కొడతారు, నీళ్ళు పట్టుకుని పెట్టుకోండి" అని పంపారు. రాత్రంతా ఫోన్లు మోగాయి. జనం బకెట్లలో నీళ్ళు పట్టి పెరట్లో పెట్టారు. మూత లేని బకెట్లు. వారం తర్వాత అందులో ఏం పుడతాయో మీకు ఇప్పుడు తెలుసు. పంపినాయన చెడు ఉద్దేశంతో పంపలేదు, పాపం భయపడి పంపాడు. ఏదైనా ఇలాంటిది వస్తే కౌంటీ పేజీలోనో సిటీ పేజీలోనో ఉందా అని ఒక్క నిమిషం చూడండి. అక్కడ లేకపోతే ముందుకు పంపకండి.

ఈ వారం నుంచి మనం చేయబోయే పని చెప్పి ఆపేస్తాను. మన రాష్ట్రాల్లో శుక్రవారం డ్రైడే అని పాటించేవారు, గుర్తుందా? నీళ్ళు నిలవున్నవన్నీ వారానికోసారి ఒంపేయడం. గుడ్డు దోమ కావడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి. మనం ఇక్కడ శనివారం పొద్దున పెట్టుకుందాం. కుండీల కింద పళ్ళేలు, పిల్లల ప్లాస్టిక్ కొలను, గ్రిల్ మీద కప్పిన పట్టా మడతలు, గట్టర్‌లో ఆకులు, స్ప్రింక్లర్ వాల్వ్ పెట్టె లోపల. ఆ చివరిది ఎవరూ చూడరు, మూత తీసి చూడండి. పిల్లలకి ఈ పని అప్పజెప్పండి, దోమపిల్లలు దొరికితే వాళ్ళకి భలే సరదా.

వెనక బల్ల మీద రెండు కట్టలున్నాయి. ఒకదాంట్లో వచ్చే మీటింగు ఎజెండా, మన ఆరోగ్యానికి సంబంధించిన అంశాల పక్కన తెలుగులో రెండేసి లైన్లు రాశాం. రెండోది మాట్లాడటానికి ఇచ్చే ఫారం నమూనా, ఎలా నింపాలో చూపించాం. మీటింగు పనిరోజున పనివేళల్లో ఉంటుంది, అందరికీ కుదరదు, నాకు తెలుసు. అందుకే వంతులు వేసుకుందాం అనుకున్నాం. ఈసారి ఇద్దరం, వచ్చేసారి ఇంకో ఇద్దరు. నా కారులో ఇంకా మూడు సీట్లున్నాయి. రిటైరైన పెద్దవాళ్ళు వస్తామంటే ఇంటికొచ్చి ఎక్కించుకుంటాను, మధ్యాహ్నం భోజనం వేళకి దింపేస్తాను.

ఇక మీ ప్రశ్నలు. ఆ కిటికీ పక్కనున్న మావయ్యగారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంచారు. చెప్పండి మావయ్యగారూ, మైకు మీ దగ్గరికే తెస్తున్నారు.